పదడుగుల అర్రలో అద్దానికి చోటు

నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా పెండ్లిళ్ల కాలంలో ఫర్నిచర్ దుకాణాల ముందు ఒకే వరుస కనిపిస్తుంది: డబుల్ కాట్ మంచం, బీరువా, డ్రెస్సింగ్ టేబుల్. మూడూ ఒకే ట్రాలీ ఆటో ఎక్కి అత్తగారింటికి చేరుతాయి. అక్కడ వాటికి దొరికేది చాలా ఇండ్లలో పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉన్న ఒక్క అర్ర. లెక్క వేసి చూడండి. 6 అడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు మంచానికే 39 చదరపు అడుగులు పోతాయి. బీరువాకు నాలుగున్నర, దాని తలుపు తెరవడానికి మరో నాలుగైదు. డ్రెస్సింగ్ టేబుల్ 3 అడుగుల వెడల్పు, అడుగున్నర లోతు అనుకుందాం. ముందు స్టూలు వేసుకొని కూర్చోవాలంటే ఇంకో రెండడుగుల జాగా కావాలి. అంతా కలిపి పదిన్నర చదరపు అడుగులు. రోజుకు పావుగంట పనికి గదిలో పదో వంతు ఇచ్చేస్తే నడవడానికి దారి ఎక్కడ?

అందుకే ఏడాది తిరగకముందే ఆ బల్ల మీదికి మడతపెట్టిన బట్టలు, మందుల డబ్బా, పిల్లల పుస్తకాలు చేరతాయి. స్టూలు ఫ్యాను తుడిచే పనికి పోతుంది. కోడలు మళ్లీ బీరువా అద్దం ముందు నిలబడి, పిన్నీసులు పళ్ల మధ్య పట్టుకొని జడ వేసుకుంటుంది.

ఈ సంగతిని సోకు కిందికి తోసేసేవాళ్లతో నాకు ఏకీభావం లేదు. తెలంగాణలో 2015లో మొదలైన డబుల్ బెడ్రూం ఇండ్లు 560 చదరపు అడుగులవి. 2024 మార్చిలో భద్రాచలంలో మొదలుపెట్టిన ఇందిరమ్మ ఇండ్ల పథకంలో ఇల్లు కనీసం 400 చదరపు అడుగులు ఉండాలి, 600 దాటకూడదు. ఆ కొలతల్లోనే వంట, పడక, పిల్లల చదువు, ముసలివాళ్ల మంచం అన్నీ ఇమడాలి. అంత ఇరుకులో ఒక ఆడమనిషి పొద్దున పది నిమిషాలు కూర్చొని తల దువ్వుకొని, బొట్టు పెట్టుకొని, తన వస్తువులు తనవిగా దాచుకునే చోటు ఉండాలా వద్దా అన్నది అసలు ప్రశ్న. ఉండాలనే నా పట్టుదల. దానికి బల్ల ఎక్కడ కొనాలని తిరిగే ముందు ఇంటి గోడలను ఒకసారి చూడాలి. మన ఇండ్లలో చాలా వాటికి జవాబు గోడలోనే ఉంది.

మన అవ్వల దగ్గర బొట్టుపెట్టె ఉండేది. టేకుతోనో ఇత్తడితోనో చేసిన చిన్న పెట్టె, రెండు చేతుల్లో ఇమిడేంత. మూత ఎత్తితే లోపలి వైపు అద్దం. మూత వెనక్కి ఒరిగి, ఒక చిన్న ఆనికతో వాలుగా నిలబడుతుంది. కింద అరలు. ఒకదానిలో కుంకుమ భరిణె, ఒకదానిలో కాటుక, ఒకదానిలో దువ్వెన, సవరం, సూదీదారం. కొన్నింటికి అడుగున సన్నని సొరుగు, అందులో పుస్తెలతాడుకు వాడే పసుపుతాడో నాలుగు రూపాయలో. వాకిట్లో వెలుతురున్న చోట చాప వేసుకొని పెట్టె ముందు పెట్టుకుంటే అదే సింగారపు బల్ల. పని అయిందా, మూత మూసి గూట్లో పెట్టేయడమే. గదిలో దానికంటూ ఒక్క చదరపు అడుగు కూడా అక్కర్లేదు. జపాన్‌లో క్యోదాయ్ అనే సామాను ఉంది: కింద సొరుగులు, మీద అద్దం, చాప మీద మోకాళ్లపై కూర్చునేంత ఎత్తు. నేల మీద కూర్చునే అలవాటున్న రెండు దేశాలు ఒకే రకం పరిష్కారానికి వచ్చాయి. ఫ్రాన్సులో 18వ శతాబ్దంలో పూద్రూజ్ అనే బల్ల వచ్చింది. మూసి ఉంటే రాత బల్ల, నడిమి పలక ఎత్తితే దాని అడుగున అద్దం. 20వ శతాబ్దం మొదట్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో విలియం లారెన్స్ మర్ఫీ ఒంటిగది ఇంట్లో మంచాన్ని గోడలోకి మడిచే ఏర్పాటు చేశాడు. మడిచి దాచే సామాను ఆలోచన ఏ ఒక్క దేశానిదో కాదు.

బొట్టుపెట్టె ఎందుకు పోయిందంటే, దాన్ని పెట్టే గూడు పోయింది కనుక. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పాత ఇండ్ల రాతిగోడలు అడుగున్నర, రెండడుగుల మందం. ఆ మందంలోనే గూళ్లు వదిలేవాళ్లు, దీపానికొకటి, దేవుడికొకటి, అద్దం దువ్వెనలకొకటి. ఇటుకగోడ వచ్చాక మందం తొమ్మిది అంగుళాలకు, లోపలి గోడల్లో నాలుగున్నరకు తగ్గింది. గూడు స్థానంలో గోడ అల్మారి వచ్చింది. షాబాదు బండనో కడప బండనో పక్కగోడల్లో గుచ్చి, అడుగు నుంచి అడుగుంపావు లోతున అరలు కట్టేవాళ్లు. కొన్నేండ్ల కిందటి దాకా మేస్త్రీలు కట్టిన దాదాపు ప్రతి ఇంట్లో ఇలాంటి అల్మారి ఒకటైనా ఉంటుంది. ఎక్కువగా అందులో పాత పేపర్లు, పెండ్లి కార్డులు, ఎవరూ వాడని స్టీలు సామాను ఉంటాయి.

బీరువా కథ వేరు. గోద్రెజ్ కంపెనీ 1923లో స్టీలు బీరువాలు చెయ్యడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఊరూరా వెల్డింగ్ షాపులు అదే నమూనాను చేసి, తలుపుకు నిలువుటద్దం బిగించి అమ్మాయి. లక్షల మంది తెలుగు ఆడవాళ్లకు నిజమైన డ్రెస్సింగ్ టేబుల్ ఈ బీరువా తలుపే. దానితో ఇబ్బంది ఒకటే, నిలబడి తప్ప చూసుకోలేము. కాటుక పెట్టుకోవాలన్నా, కంటి చివర గీత గీయాలన్నా మోచెయ్యి దేనిమీదైనా ఆనితేనే చెయ్యి వణకదు.

కనుక కొలత మొదట మనిషి దగ్గర తీసుకోవాలి. ఈ మాట చెప్పినప్పుడల్లా నాకు చింతకింది మల్లేశం గుర్తొస్తాడు. అప్పటి నల్లగొండ, ఇప్పటి యాదాద్రి భువనగిరి జిల్లాలోని ఆలేరు దగ్గరి శారాజీపేట ఆయనది. ఒక్కో చీర నేసే ముందు దారాన్ని ఆసు పోయడానికి తల్లి లక్ష్మి చెయ్యి వేల సార్లు అటూ ఇటూ ఆడించి భుజం పడిపోతుంటే చూడలేక, 1999లో ఆసు యంత్రం తయారు చేసి దానికి తల్లి పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. పెద్ద చదువులు లేని మనిషి ఒక శరీరం కదిలే తీరును దగ్గరగా చూసి కట్టిన యంత్రమది. మనం కట్టేది దానితో పోలిస్తే చాలా చిన్న వస్తువే అయినా మొదలుపెట్టాల్సింది మాత్రం అక్కడి నుంచే.

వాడే మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టండి. స్టూలు 17 అంగుళాలుంటే మామూలు ఎత్తున్న ఆడవాళ్ల మోచెయ్యి నేల నుంచి దాదాపు 26 నుంచి 28 అంగుళాల్లో, కన్ను 44, 45 అంగుళాల్లో ఉంటుంది. బల్ల పలక మోచేతి దగ్గర, అద్దం నడుమ కంటి దగ్గర రావాలి. పలక అడుగుకూ తొడకూ మధ్య నాలుగు వేళ్లయినా సందు ఉండాలి. పలక కింద సొరుగు పెడదామన్న ఆశ ఇక్కడే వదులుకోవాలి. అద్దం ఎంత పెద్దది కావాలి? నిలువెత్తు రూపం కనబడాలంటే మనిషి ఎత్తులో సగం అద్దం చాలు, ఎంత దూరంగా నిలబడ్డా ఈ లెక్క మారదు. ఐదడుగుల మనిషికి 30 అంగుళాల అద్దం సరిపోతుంది. అది నేల నుంచి 28 అంగుళాల దగ్గర మొదలై 58 దగ్గర ముగిస్తే, నిలబడితే తల నుంచి చీర కుచ్చిళ్ల అంచు దాకా, కూర్చుంటే ముఖం, భుజాలు కనిపిస్తాయి. దుకాణాల్లో ఆరడుగుల అద్దానికి పెట్టే డబ్బు అనవసరం.

నల్లగొండ ప్రాంతంలో ఇంకో కొలత కూడా గుర్తుంచుకోవాలి. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి వెన్ను బిగుసుకుపోయిన, మోకాళ్లు మడవలేని పెద్దవాళ్లున్న ఇండ్లు ఎన్నో. మిషన్ భగీరథ తాగునీటి పథకం పైలాన్ 2015 జూన్‌లో చౌటుప్పల్‌లోనే లేచింది, నల్లా నీళ్లూ వచ్చాయి. కానీ అప్పటికే బిగుసుకున్న ఎముకలు మళ్లీ వదలవు. అలాంటి మనిషికి నేల మీద బొట్టుపెట్టె పనికిరాదు, 17 అంగుళాల స్టూలూ కష్టమే. వీపు ఆనే కుర్చీ, 19, 20 అంగుళాల ఎత్తు, అద్దం కొంచెం కిందికి వంగేలా కబ్జాల మీద కట్టడం, లేవడానికి పట్టుకునేందుకు గోడకు ఒక స్టీలు కడ్డీ ఉండాలి. లేచేటప్పుడు మడత పలకనే పట్టుకుంటే అది గోడలోంచి ఊడొస్తుంది. ఇంట్లో అత్తా కోడలూ ఇద్దరూ వాడేదైతే అత్త కొలతకే కట్టాలంటాను. కోడలు కాస్త సర్దుకోగలదు.

ఇక కట్టే పద్ధతులు. అన్నింటిలోకి నాకు నచ్చింది గోడ అల్మారిని మార్చుకోవడం. నేల నుంచి 27, 28 అంగుళాల ఎత్తులో బండ అర ఉన్న అల్మారి దొరికితే సగం పని అయినట్టే. ఆ అర కింద భాగం ఖాళీ చేస్తే మోకాళ్లకు చోటు. బండ మీద 18 మి.మీ. ప్లైవుడ్ పలక ఒకటి, రెండు పక్కలా టెలిస్కోపిక్ ఛానెళ్లతో. లాగితే పది అంగుళాలు బయటికి వస్తుంది, తోస్తే లోపలికి పోతుంది. ఛానెల్ బిగించడానికి అల్మారి పక్కగోడలకు ముందు ఒక్కో చెక్క పట్టీ కొట్టాలి, ఎందుకంటే ఆ గోడలు ఎప్పుడూ తిన్నగా ఉండవు. అర అంగుళం తేడా ఉంటే ఛానెల్ ఇరుక్కుంటుంది. ఆ తేడాను పట్టీ వెనక పలచని చెక్కముక్కలు దూర్చి సరిచేసుకోవచ్చు. మూలమట్టం పెట్టి చూడకుండా ఒక్క స్క్రూ కూడా బిగించకూడదు.

అద్దం అల్మారి వెనక గోడకు పెడితే పై అర అడ్డొస్తుంది. కళ్ల ఎత్తులోనే ఆ బండ ఉంటుంది. దాన్ని సుత్తితో కొట్టి తీయబోతే ప్లాస్టరు పెళ్లలు పెళ్లలుగా రాలుతుంది. తీయాల్సిందే అయితే కట్టర్‌తో గోడకు సమంగా కోయించాలి. దానికన్నా తేలిక మార్గం అద్దాన్ని అల్మారి తలుపు లోపలి వైపు బిగించడం. తలుపు తెరిచి పక్కకు తిప్పుకుంటే అద్దం కూర్చున్న మనిషి వైపు తిరుగుతుంది. 14 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల పొడవు, 4 మి.మీ. మందం అద్దం మూడు కిలోల లోపే ఉంటుంది. తలుపుకు రెండు కబ్జాలుంటే మూడోది వేయించండి, చాలు. పై అరల్లో సీసాలు, క్లిప్పులు, గాజులు. తలుపు వేస్తే గోడ గోడలాగే ఉంటుంది. రాత్రి మంచానికి ఎదురుగా అద్దం కనబడకూడదన్న పట్టింపు మన ఇండ్లలో చాలామందికి ఉంది. దాన్నీ గౌరవించినట్టవుతుంది.

అల్మారి లేని ఇండ్లకు, ముఖ్యంగా కొత్త ప్రభుత్వ ఇండ్లకు, గోడకు వేలాడే మడత పెట్టె మేలు. 24 అంగుళాల వెడల్పు, 30 ఎత్తు, 5 లోతు. కింది 16 అంగుళాల తలుపు ముందుకు వాలి బల్ల అవుతుంది, రెండు గొలుసులు దాన్ని పట్టుకుంటాయి. పై 14 అంగుళాలకు పక్కలకు తెరుచుకునే రెండు చిన్న రెక్కలు, వాటి లోపలి వైపూ అద్దాలు పెడితే జడ వెనక భాగమూ కనిపిస్తుంది. చెక్క లెక్క చెప్తాను: తలుపులు, పక్కలు, పైనా కిందా పలకలు, రెండు చిన్న అరలు కలిపి పదిన్నర చదరపు అడుగులు. 8 అడుగులకు 4 అడుగుల ప్లైవుడ్ షీటు 32 చదరపు అడుగులు కనుక అందులో సగంలోనే పనైపోతుంది. వీపుకు 6 మి.మీ. పలక ఐదు చదరపు అడుగులు. ఇంట్లో వేరే చెక్కపని జరిగినప్పుడు మిగిలిన ముక్కలతోనే చాలామంది ఇది చేయించుకోవచ్చు. అది తెలియకే తుక్కు కింద అమ్మేస్తారు.

ఇక్కడ గోడను బట్టి జాగ్రత్త మారుతుంది. ఇటుకగోడలో ప్లగ్గు వేసి రెండున్నర అంగుళాల స్క్రూ బిగిస్తే బాగా పట్టుకుంటుంది. కాంక్రీటు గోడకు హ్యామర్ డ్రిల్ కావాలి. మట్టి అడుసుతో కట్టిన పాత రాతిగోడ మాత్రం మోసం చేస్తుంది. రాయిలో బెజ్జం పడదు, సందులో వేస్తే మన్ను రాలి ప్లగ్గు వదులవుతుంది. అలాంటి గోడకు పెట్టెను వేలాడదీయకుండా రెండు కాళ్ల మీద నిలబెట్టి, పైన మాత్రం గోడకు పట్టు ఇవ్వాలి. స్విచ్‌బోర్డుకు నేరుగా పైనా కిందా డ్రిల్ చేయొద్దు, వైరు అక్కడే పోతుంది.

చెక్క విషయంలో మన నేలకు మొదటి శత్రువు చెదలు. చెల్క నేలల్లో ఇల్లున్న ఎవరికీ ఇది చెప్పనక్కర్లేదు. నేలకు తగలకుండా గోడమీద ఉండే సామానుకు ఆ భయం తగ్గుతుందే గానీ పోదు, గోడలోంచీ వస్తాయి కనుక. పార్టికిల్ బోర్డుతో చేసిన రెడీమేడ్ బల్లలు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. తడిబట్టతో నాలుగేండ్లు తుడిస్తే అంచులు ఉబ్బుతాయి, ఒకసారి ఊడిన స్క్రూ మళ్లీ పట్టదు. నేనైతే వాటిని కొనమని ఎవరికీ చెప్పను. ఐ.ఎస్. 303 ముద్ర ఉన్న బి.డబ్ల్యు.ఆర్. రకం ప్లైవుడ్ ఈ పనికి సరిపోతుంది. నీళ్లు నేరుగా తగలవు కనుక మెరైన్ ప్లై దాకా పోనక్కర్లేదు. సన్‌మైక ఒక వైపే అతికిస్తే మన ఎండాకాలానికి పలక వంగుతుంది. రెండో వైపూ ఏదో ఒక పలచని పొర ఉండాలి. ఊళ్లో పాత ఇల్లు కూలగొడుతుంటే అక్కడి టేకు దర్వాజ రెక్క అడిగి చూడండి. దశాబ్దాలు ఎండిన ఆ పలక ఇక వంగదు, పగలదు. వడ్లాయన చిత్రిక పట్టి ఇస్తే ఏ కొత్త చెక్కా దానికి సాటి రాదు. వేపచెక్కను చెదలు అంత తొందరగా ముట్టవన్నది నిజమే కానీ బాగా ఆరకుండా వాడితే మెలి తిరుగుతుంది. చెక్కే వద్దనుకుంటే ప్రతి మండల కేంద్రంలో ఉన్న అల్యూమినియం పనివాళ్లు పి.వి.సి. బోర్డుతో పెట్టె చేసిస్తారు. చెదల బాధ ఉండదు, కానీ మోచేతుల బరువుకు పలక ఊగుతుంది. పలక ఒక్కటి ప్లైతో చేయించుకోవాలి.

అద్దం అతికించడంలో ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. అద్దం వెనక ఉండేది వెండి పొర. గాజుకు రసాయనంతో వెండి పూత పట్టే పద్ధతిని 1835లో జర్మనీ శాస్త్రవేత్త లీబిగ్ కనిపెట్టాడు. వెనిగర్ వాసన వచ్చే మామూలు సిలికాన్ ఆ పొరను తినేస్తుంది, కొన్నాళ్లకు నల్లమచ్చలు లేస్తాయి. న్యూట్రల్ సిలికాన్ అని రాసి ఉన్న ట్యూబు అడిగి తీసుకోవాలి. కింద సన్నని పట్టీ కూడా ఉంటే బరువంతా జిగురు మీదే పడదు.

వెలుతురు గురించి మనవాళ్లు అతి తక్కువ పట్టించుకుంటారు. తలుపు మీది ట్యూబులైటు వెలుగు పైనుంచి పడి కళ్ల కిందా గడ్డం కిందా నీడలు వేస్తుంది. కిటికీ ఉన్న గోడకే, కిటికీ పక్కన, అద్దం పెట్టుకుంటే పగటి వెలుతురు ముఖం మీద పడుతుంది. కిటికీకి ఎదుటి గోడకు పెడితే వెలుతురు వీపు మీద పడి ముఖం చీకటవుతుంది. రాత్రికి రెండు ఎల్.ఇ.డి. బల్బులు అద్దానికి రెండు పక్కల, కంటి ఎత్తులో ఉండాలి. డబ్బా మీద 4000 కె నుంచి 5000 కె మధ్య, సి.ఆర్.ఐ. 90 అని చూసి కొనండి. మరీ నీలంగా మండే 6500 కె వెలుగులో వేసుకున్న పౌడర్ ఫంక్షన్ హాలులో వేరే రంగులో కనిపిస్తుంది. నల్లగొండలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి, రేకుల ఇంట్లో ఇంకా వేడి. పడమటి గోడకు పెట్టె పెడితే లిప్‌స్టిక్, కాటుక మెత్తబడి కారతాయి. వాటిని కింది అరలో ఉంచాలి, వేడి పైకే చేరుతుంది కనుక.

2018 ఆగస్టులో ఐకియా దేశంలో తన మొదటి దుకాణం హైదరాబాద్‌లో తెరిచినప్పటి నుంచి గోడకు మడిచే బల్లలు మనవాళ్ల కళ్లబడ్డాయి. నమూనాకు చూడండి, మంచివే. సొంత గోడ లేనివాళ్లకు మాత్రం అవీ దొరకనట్టే. పాలమూరు నుంచి పనికి పోయి పట్టణాల్లో ఒంటిగది అద్దెకుండే కుటుంబానికి గోడలో మేకు కొట్టనివ్వని యజమాని ఉంటాడు. వాళ్లకు కుట్టుమిషన్ బల్ల ఉంటే దాని మీద, లేకుంటే ట్రంకుపెట్టె మీద నిలబడే మూత అద్దపు పెట్టె, అంటే మళ్లీ బొట్టుపెట్టే, సరైన జవాబు. 16 అంగుళాల పొడవు, 10 వెడల్పు, 5 ఎత్తుతో 9 మి.మీ. ప్లైలో వడ్లాయన ఒక్క పూటలో చేసిస్తాడు. గది మారినప్పుడు చేతిలో పట్టుకొని పోవచ్చు.

ఇప్పుడు కట్టుబడిలో ఉన్న ఇండ్లకు ఇంకా మంచి అవకాశం ఉంది. ఇందిరమ్మ ఇండ్లు బేస్‌మెంట్, గోడలు, స్లాబు, పూర్తి అని దశలవారీగా లేస్తున్నాయి. గోడల దశలో పడకగదిలో తొమ్మిదంగుళాల గోడ ఒకదానిలో, మూలకు దూరంగా, కిటికీ పక్కన, నేల నుంచి 28 అంగుళాల ఎత్తున గూడు వదిలించుకోవచ్చు. రెండడుగుల వెడల్పు, 30 అంగుళాల ఎత్తు, నాలుగున్నర అంగుళాల లోతు. పైన చిన్న బండ లింటలు. ఇటుకలు తగ్గుతాయే గానీ పెరగవు. దానికి తర్వాత ఎప్పుడైనా తలుపు, అద్దం, పలక పెట్టుకోవచ్చు. గూటికి రెండు పక్కలా బల్బుల కోసం, కింద ఒక ప్లగ్గు కోసం పైపులు ప్లాస్టరుకు ముందే వేయించాలి. ఆ మాట మేస్త్రీకి కిటికీ అడుగు వరస పేర్చక ముందే చెప్పాలి, కొలత ఆ ఇంటి ఆడవాళ్ల చేత పెట్టించాలి.